నీలం గీత

పడవకి పూయగా డబ్బా అడుగున మిగిలిన నీలం,
కొబ్బరిపీచు కుంచె,
ముడులేసిన తాడొకటి పట్టుకుని
బయల్దేరాం నేనూ, సూరాడ దండాసీ,
రుషికుల్య మొగకి దక్షిణాన, మా నోలియా పేటలో
గోడగోడకీ నీళ్ళెత్తు గియ్యడానికి.

తుపాను నెలలొస్తున్నాయని
బ్లాకాఫీసు బాబు పొద్దున్నే వచ్చి
మైకులో ఒడియా కాగితం చదివి వెళ్ళాడు:
"జలోచ్ఛ్వాస. మూడు మీటర్లు."
వల బాగుచేస్తున్న ముసలాళ్ళు తలలూపారు,
బళ్ళో పిల్లలు రాని లెక్కకి ఊపినట్టు.
జీపు దుమ్ము ఇంకా అణగలేదు,
"జలోచ్ఛ్వాసంటే ఏటే గుంటా,
సముద్రానికి ఆయాసమా?" అన్నాడొకాయన.

నవ్వేరు. నేనూ నవ్వేను.
తర్వాత మా మాటలో చెప్పేను: ఉప్పెన.
ఎవరి నవ్వు వాళ్ళు లోపలికి తీసేసుకున్నారు,
చినుకు పడగానే ఎండుచేపలు తీసినట్టు.

మీటర్లు మా ఒంట్లో లేవు.
బార ఉంది, మూర ఉంది, జానెడుంది,
మనిషి నిలువుంది.
మూడు మీటర్లంటే రెండు నిలువులకి జానెడు తక్కువ.
మా ఇసక ఎత్తు అందులోంచి తీసేస్తే
సరిగ్గా నా మెడ దగ్గర ఆగింది తాడు.
ఆపైన కెరటం ఎంతెక్కుతుందో
ఏ కుంచే గియ్యలేదు.

మొదటి గోడ దగ్గర ఓ పిల్ల వచ్చి గీత కింద నిలబడింది,
జడకుప్పె మీద ఇంకా జానెడు గోడ ఉంది.
వాళ్ళమ్మ పిల్లని పక్కకి లాగేసింది,
తడి రంగు అంటుకుంటుందని.

గరికిన లోకనాథం గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు.
"మొన్ననే సున్నం కొట్టించేను.
గీత గీస్తే అది పిలుపు కాదేటి? రమ్మన్నట్టు కాదేటి?
గాలిదేముంది, ఎన్ని గాలులు చూళ్ళేదు."
గాలి కాదు మావా, అన్నాను.
గాలి కప్పు పీకుతుంది. కప్పు మళ్ళీ నేసుకుంటాం.
వినలేదు.

బైరాగమ్మ ఇంటి దగ్గర దండాసి
వీధిగోడకి కుంచె ఆనించాడు.
"అటు కాదురా" అంది ముసల్ది.
నులకమంచం మీంచి లేవకుండానే అంది:
"ఆ రాత్రి మేవందరం సముద్రం కేసే చూస్తన్నాం.
తలుపుకి రోలు అడ్డం పెట్టేం.
నీళ్ళు పెరటి గుమ్మంలోంచి వచ్చేయి.
వెనక కయ్య పొంగి, మొగలిపొదల్లోంచి,
దొంగ వచ్చినట్టు.
రోడ్డు అప్పటికే లేదు."
ఆ తర్వాత ఏమైందో చెప్పలేదు.
మేం అడగలేదు.
ఆ ఇంట్లో ఇప్పుడు ఒక్కటే మంచం.

అక్కణ్ణించి గీతలన్నీ పెరటిగోడలకి వేశాం.
వేస్తూ వేస్తూ చెప్పుకుంటూ పోయాను:
నీళ్ళు కనబడేదాకా ఉండకండి,
కనబడ్డాక దారి ఉండదు.
అమావాస్య పోటుతో కలిసొస్తే ఇంకో మూర ఎక్కువ.
వెలుతురుండగానే తుపాను భవనానికి నడవండి,
పడవ తాళ్ళు మీ ప్రాణం కంటే గట్టివి కావు.
కొందరు విన్నారు. కొందరు రంగు ఖరీదు అడిగారు.
ఒకావిడ మజ్జిగిచ్చి,
మా మేకలకి కూడా ఓ గీత గియ్యమంది.
గీశాను, మోకాలికి కొంచెం పైన.
అక్కడికే మేక మునిగిపోతుంది.

చీకటి పడేసరికి నీలం అయిపోయింది.
మా ఇంటికి బొగ్గుతో గీసుకున్నాను.

మర్నాడు నీళ్ళకెళ్తూ చూశాను:
లోకనాథం పెరటిగోడ మీద ఎర్ర గీత.
అతని పడవ రంగే.
ఇంకా ఆరలేదు.
సొంతంగా గీసుకున్నట్టున్నాడు, దీపం పెట్టుకుని,
కొత్త సున్నం మీద వంకరగా,
బొడ్డు ఎత్తులో.

బిందె దించి పిలిచాను.
మావా, ఇంకా పైకి.
"ఇంకానా?"
ఇంకా.
అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు,
చెయ్యి మెడ దగ్గర పెట్టుకున్నాడు,
నా కేసి చూశాడు.
ఆఁ, అక్కడికి.